గోడ నుంచి గోడకి

టేపు మేస్త్రీని కిందటి వారం మనం మునిసిపల్ ఆఫీసు పాత రికార్డు గదిలో వదిలేసి వచ్చాం. చేతిలో కొలతల పుస్తకం, ఒళ్ళంతా దుమ్ము. తెరిచిన పేజీలో ఉన్నది తన చేతిరాతే. వంకర సందు, వంపు దగ్గర, ఎనిమిది అడుగుల పది అంగుళాలు. అది చూసి ఆయన అక్కడే బీరువాకి ఆనుకుని కూలబడ్డాడు. ఎందుకు కూలబడ్డాడో అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి.

కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు. ఈ ఊరు పేరుకి ఒకటే గానీ నిజానికి రెండూళ్ళు. కోటగోడ బయట కొత్తది, లోపల పాతది. పాత ఊళ్ళో మనిషికి జబ్బు చేస్తే వైద్యం కన్నా ముందు దారి దొరకాలి. ఇదివరకు అంబులెన్సు కోట గుమ్మం దగ్గరే ఆగేది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ పట్టుకుని సందుల్లో పరిగెత్తి, రోగిని మోసుకొచ్చేవాళ్ళు. ఇది బాగాలేదని పైవాళ్ళు పథకం వేశారు. ముప్పై నాలుగు సందుల్ని బండ్లకి తెరిచారు. అన్నీ ఒకవైపు దారులే. ఇటు వెళ్ళి అటు తేలాలి, వెనక్కి తిరగడం లేదు. పటం మీద ఆ సందులకి పచ్చగీతలు గీసిన ఇంజనీరుకి జనం పచ్చగీత అనే పేరు పెట్టారు. మంచి ఉద్దేశమే. చెడ్డ ఉద్దేశంతో ఎవరూ పచ్చరంగు వాడరు.

మేస్త్రీ మేనల్లుడు అంబులెన్సు డ్రైవరు. పన్నెండు రోజుల కిందట ఫోను పటంలో కనిపించిన పచ్చరంగు దారి పట్టుకుని వంకర సందులోకి వెళ్ళాడు. అక్కడ పుస్తకాలు బైండింగు చేసే ఆయన భార్యకి గుండెనొప్పి. ఆవిణ్ణి ఎక్కించుకున్నాడు. ఆయన కూడా ఎక్కాడు. ఇరవై అడుగులు ముందుకి పోయి, వంపులో బండి ఇరుక్కుపోయింది. కుడివైపు గిడ్డంగి గోడ, ఎడమవైపు బైండింగాయన ఇంటి అరుగు. వెనక్కి రావడానికి లేదు. సందు తెరిచారు కదా అని సరుకుల ఆటోలు, మోటారు సైకిళ్ళు, రిక్షాలు బండి వెనక తలుపు కూడా తెరుచుకోకుండా ఆనుకుని బారులు తీరాయి. నలభై నిమిషాలు. ఆవిడ ఆ బండిలోనే, తన ఇంటి పక్కనే పోయింది.

డ్రైవరు నిర్లక్ష్యమని కేసు. ఇవాళ విచారణ. పొద్దున పది గంటలకి, అదే సందులో.

ఇక కథలోకి వద్దాం.

ఆ పొద్దున మేస్త్రీ టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. టీ చల్లారి పైన మీగడ కట్టింది. ఎదురుగా ఆయన అక్క, అంటే డ్రైవరు తల్లి, ఉతికిన చొక్కా మడతలు సరిచేస్తోంది. అది కొడుకు చొక్కా. యూనిఫాం కాదు, మామూలుది. యూనిఫాం ఆఫీసువాళ్ళు తీసేసుకున్నారు.

"వాడు జైలుకి పోతాడంట్రా?"

మేస్త్రీ మీగడని వేలితో పక్కకి తోశాడు.

"నిన్నే. నీ నోట్లో ముత్యాలేమైనా ఉన్నాయా, తెరిస్తే రాలిపోడానికి? ఊరంతా కొలిచిన మనిషివి. ఆ సందులో బండి పడుతుందో పట్టదో నీకు తెలీదా? వెళ్ళి చెప్పు. వాడి తప్పు లేదని చెప్పు."

"చెప్తాను."

అక్క చేతిలో చొక్కా ఆగిపోయింది. తమ్ముడి నోట్లోంచి అంత త్వరగా మాట రావడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"ఏం చెప్తావు?"

"వెళ్ళొస్తాను," అని లేచాడు.

మామా అల్లుళ్ళిద్దరూ నడిచే బయల్దేరారు. కోట గుమ్మం దాకా వచ్చారు. మేనల్లుడికి ముప్పై దాటలేదు. పన్నెండు రోజుల్లో చెంపలు లోపలికి పోయాయి. నడుస్తూనే చేతులు ఏదో తిప్పుతున్నట్టు కదులుతున్నాయి. వాడికి తెలీకుండానే.

"నువ్వెందుకు మామా రావడం?" అన్నాడు గుమ్మం నీడలో. "కొలిచి చూపించడానికా?"

"పిలిచారు."

"ఎవరు? పచ్చగీతా?"

"ఊఁ."

"బాగుంది. మామ టేపు పట్టుకుంటాడు, అల్లుడు మెడ పెడతాడు. కొలత తీసుకుని ఉరి కుట్టిస్తారు."

మేస్త్రీ ఆగిపోయాడు. "ఒరేయ్, ఆగు."

"ఏంటి?"

"ఆ కొలత నాది."

"తెలుసుగా. ఈ ఊళ్ళో నువ్వు కొలవనిదల్లా ఆకాశమొకటే."

"గోడ నుంచి గోడకి కొలిచాను. అరుగు కొలవలేదు."

మేనల్లుడు చిరాకుగా చూశాడు. వాడికి ఇంకా ఎక్కలేదు. అప్పుడు మేస్త్రీ తన జీవితంలో ఎప్పుడూ మాట్లాడనన్ని మాటలు ఆ గుమ్మం కింద నిలబడి మాట్లాడాడు. అవి కూడా పెద్ద ఎక్కువ కావు.

పద్నాలుగేళ్ళ కిందట పాత ఊరికి మంచినీళ్ళ పైపులు వేశారు. ఆ పని కోసం సందులన్నీ కొలిచింది మేస్త్రీయే. ఆయనకి పని నేర్పిన ముసలి మేస్త్రీ ఒక పద్ధతి చెప్పాడు. టేపు గుండె ఎత్తున పట్టుకో. గోడ నుంచి గోడకి లాగు. వంగకు. వంగితే నడుం పోతుంది గానీ కొలత పెరగదు. అరుగు ఇంటిది, గోడ వీధిది. పైపు అరుగు కిందనుంచి పోతుంది కాబట్టి అరుగుతో మనకి పని లేదు. పైపులకి ఆ పద్ధతి సరిగ్గా సరిపోయింది. ఆ రోజుల్లో సందుల్లో తిరిగేది తోపుడు బండ్లూ సైకిళ్ళే. వాటికి ఏ కొలతైనా ఎక్కువే.

ఆ పుస్తకంలోంచే పచ్చగీత పటం చేశాడు. చేసేముందు ఒకసారి పిలిచాడు కూడా. "ఈ కొలతలు కరెక్టేనా మేస్త్రీ గారూ?" అని అడిగాడు. మేస్త్రీ ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. "అరంగుళం తేడా ఉంటే నా చెయ్యి నరికెయ్యండి సార్," అన్నాడు. దేనికి సార్ అని అడగలేదు. అడిగినదానికి జవాబు చెప్పాలి, అడగనిదానికి నోరు మూసుకోవాలి. ఉద్యోగంలో ఆయన నేర్చుకున్న నీతి అదే. ఆ నీతితోనే ఇన్నేళ్ళు ఏ మాటా పడకుండా నెట్టుకొచ్చాడు.

మేనల్లుడు అంతా విన్నాడు.

"అరుగు ఎంత?"

"రెండడుగుల మూడంగుళాలు. పుస్తకం చూసిన రోజు రాత్రే వెళ్ళి కొలిచాను."

వాడి పెదాలు కదిలాయి. ఎనిమిది పదిలోంచి రెండు మూడు తీసేస్తున్నాడు.

"ఆరడుగుల ఏడంగుళాలు."

"అవును."

"నా బండి ఆరడుగుల ఎనిమిది మామా."

"తెలుసు."

వాడు నవ్వాడు. నవ్వులాంటిదేదో వచ్చింది. తర్వాత గుమ్మం రాయి మీద కూర్చుండిపోయాడు.

"పన్నెండు రోజుల్నుంచీ కళ్ళు మూసుకుంటే చాలు, ఆ వంపులోనే ఉంటున్నాను. స్టీరింగు ఇటు కొంచెం తక్కువ తిప్పి ఉంటే పోయేదేమో. అటు కొంచెం ముందే కోసి ఉంటే పోయేదేమో. అన్నం ముందు కూర్చుంటే కంచం తిప్పుతున్నాను మామా. మా అమ్మ చూసి ఏడుస్తోంది."

"ఎలా తిప్పినా పోయేది కాదురా."

మంచి మాటే. వాడి గుండెల మీద బరువు దించాల్సిన మాట. కానీ ఆ మాట వినగానే వాడి మొహం ఇంకా పాడైపోయింది. తప్పు తనదైతే మళ్ళీ సరిగ్గా తిప్పే దారి ఒకటి ఉండేది, కలలోనైనా. ఇప్పుడు అదీ లేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులు!" వాడు లేచి నిలబడ్డాడు. "నాలుగు రోజులు నా పక్కనే కూర్చుని అన్నం తిన్నావు. మా అమ్మ ఏడుస్తుంటే గోడకేసి చూస్తూ కూర్చున్నావు. నువ్వు మనిషివా, మైలురాయివా?"

"ఇవాళ చెప్తాను. అక్కడ, అందరి ముందూ."

"నీ ఉద్యోగం?"

"ఇంకా రెండేళ్ళుంది. పోతే పోనీ."

మేనల్లుడు మామ భుజం మీద వేలాడుతున్న టేపు సంచీ తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. "పద. లేటైతే అదీ నిర్లక్ష్యం కింద రాస్తారు," అన్నాడు.

వంకర సందు బయటినుంచి చూస్తే మామూలు సందే. మొదట నేరుగా పోతుంది. తర్వాత మోచెయ్యిలా ఎడమకి వంగుతుంది. బైండింగాయన ఇంటి తలుపు వంపుకి ఇవతల ఉంది. అరుగు మాత్రం తలుపు దగ్గర మొదలై వంపు చివరిదాకా పోతుంది. ఎదురుగా గిడ్డంగి వెనక గోడ, కిటికీ లేకుండా, ఆకాశం దాకా. పైన బట్టల తాళ్ళు. వంపు దగ్గర గోడ మీద కొత్త బోర్డు, తెల్లబాణంతో. ఇటే వెళ్ళాలి అని.

వాళ్ళు వెళ్ళేసరికి విచారణ అధికారిణి వచ్చేసింది. నడివయసు మనిషి. కళ్ళజోడు గొలుసుతో మెళ్ళో వేలాడుతోంది. చేతిలో ఫైలు. కోపిష్టిలా లేదు, జాలిపడే మనిషిలానూ లేదు. రోజుకి మూడు చావులు విచారించే మనిషిలా ఉంది. పక్కన పచ్చగీత, తెల్లచొక్కాలో. నాలుగైదు ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లో నిలబడ్డారు. ఇస్త్రీ చేసే ఆవిడ బల్ల మీద పెట్టె ఆపకుండా తోస్తోంది గానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

బైండింగాయన తన ఇంటి గోడ ముందు నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి. ఆయన వెనక గోడ పొడుగునా అట్టల కట్టలు ఆనించి ఉన్నాయి. నడుం ఎత్తు దాకా.

మేస్త్రీ నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

అరుగు లేదు.

మళ్ళీ చూశాడు. తలుపు ఉంది. వంపు ఉంది. గిడ్డంగి గోడ ఉంది. అరుగు ఉండాల్సిన చోట నేల ఉంది. కొత్తగా తవ్వి చదును చేసిన నేల, ఇంకా రంగు మారలేదు. పద్నాలుగేళ్ళ కిందట ఆ అరుగు మీదే కూర్చుని మేస్త్రీ మంచినీళ్ళు తాగాడు. బైండింగాయన అక్కడే కూర్చుని పుస్తకాలు కుట్టేవాడు, సందులో వెలుతురు పడే చోటు అదొక్కటే కాబట్టి. భార్య పక్కన కూర్చుని కాగితాలు మడతలు పెట్టేది. మేస్త్రీ టేపు లాగుతుంటే ఆవిడ కాళ్ళు పైకి ముడుచుకుని, "మమ్మల్ని కూడా కొలుస్తారా ఏంటి, మేం లావెక్కలేదులెండి," అని నవ్వింది.

"మేస్త్రీ గారూ, రండి. టేపు పట్టండి," అన్నాడు పచ్చగీత.

మేనల్లుడు మామ వంక చూశాడు. వాడికీ అర్థమైంది. టేపు చివర పట్టుకుని గిడ్డంగి గోడ దగ్గరికి వెళ్ళాడు. మేస్త్రీ అట్టల కట్టల మీదుగా వంగి, ఇంటి గోడకి టేపు చుట్ట ఆనించాడు.

"ఎనిమిది పది," అన్నాడు మేస్త్రీ.

"కిందకి దించండి. మోకాలి ఎత్తున," అంది అధికారిణి.

మేస్త్రీ రెండు కట్టల మధ్యలోంచి చెయ్యి దూర్చి గోడకి పట్టుకున్నాడు. వేళ్ళకి ఏదో గరుకుగా తగిలింది.

"ఎనిమిది పది."

"అయిపోయింది కదండీ," అన్నాడు పచ్చగీత నెమ్మదిగా. గెలిచినట్టు అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. "బండి ఆరడుగుల ఎనిమిది. పైన రెండడుగుల రెండంగుళాలు ఖాళీ. పుస్తకంలో ఏముందో వీధిలోనూ అదే ఉంది. డ్రైవరు వంపు సరిగ్గా తీసుకోలేదు. నాకు మాత్రం సంతోషమా అమ్మా, ఒక నిండు ప్రాణం పోతే?"

మేస్త్రీ టేపు చుట్టాడు. తర్వాత అన్నాడు.

"ఇక్కడ అరుగుండేదమ్మా."

"ఏ అరుగు?"

"ఈ ఇంటి అరుగు. రెండడుగుల మూడంగుళాలు ముందుకి ఉండేది. దానికే బండి పట్టేసింది. నేను కొలిచినప్పుడు అరుగు వదిలేసి కొలిచాను. తప్పు నాది."

సందులో ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది.

అధికారిణి కళ్ళజోడు పెట్టుకుంది. "ఈ డ్రైవరు మీకేమవుతాడు?"

"మేనల్లుడు."

"ఓహో," అంది. ఆ ఓహోలో చెప్పాల్సిందంతా ఉంది. కాగితం మీద ఏదో రాసుకుంది. "ఇక్కడ అరుగుండడం ఎవరైనా చూశారా?" అని గుమ్మాల వైపు తిరిగింది.

గుమ్మాల్లో తలలు వంగాయి. ఒక ముసలాయన చెప్పులు వెతుక్కుంటున్నట్టు లోపలికి పోయాడు. పోలీసులొచ్చి చూసిన రోజు కూడా ఈ సందు ఇలాగే తలొంచుకుంది. వాళ్ళు బండినే చూశారు, దాని మీద గీసుకుపోయిన గీతల్నే చూశారు. అరుగు సంగతి వాళ్ళ కాగితంలో లేదు.

"నన్నడక్కండి తల్లీ," అంది ఇస్త్రీ ఆవిడ. "నేను ఈ బల్ల తప్ప తలెత్తి లోకం చూసే మనిషిని కాదు. ఎవరి చొక్కాకి ఎన్ని గుండీలో అడగండి, చెప్తాను."

అలా అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మేస్త్రీ అది చూశాడు. వీళ్ళంతా భయపడి తలలు దించుకోలేదు. ఎవర్నో కాపాడుతున్నారు.

అధికారిణి బైండింగాయన వైపు తిరిగింది. "మీరు చెప్పండి. మీ ఇంటికి అరుగుండేదా?"

బైండింగాయన నేల చూపులు చూస్తూ అన్నాడు.

"అరుగా? లేదండీ. మా ఇంటికి అరుగెప్పుడూ లేదు."

అబద్ధం ఆయనకి అలవాటు లేదని తెలిసిపోతోంది. మాట పొడిగా వచ్చింది, ఎండిన జిగురు పెచ్చులూడినట్టు. మేస్త్రీ ఆయన చేతుల వంక చూశాడు. బైండింగు చేసేవాళ్ళ చేతులు మెత్తగా ఉంటాయి. వేలిచివర సూది గుచ్చుకున్న చుక్కలు తప్ప ఏమీ ఉండవు. ఈ అరచేతులు మాత్రం చిట్లిపోయి ఉన్నాయి. బొబ్బలు లేచి, పగిలి, మళ్ళీ లేచాయి. గడ్డపార పట్టడం రాని మనిషి గడ్డపార పడితే అలాగే అవుతుంది.

అప్పుడు మేస్త్రీకి తెలిసింది. ఆఫీసువాళ్ళు మనుషుల్ని పంపి అరుగు తీయించారేమో అని అప్పటిదాకా ఆయన మనసులో ఒక మూల అనుకుంటున్నాడు. అదే నిజమైతే బాగుండేది. తిట్టడానికి ఒకరు దొరికేవాళ్ళు.

"నేను తప్పు ఒప్పేసుకుంటాను మామా," అన్నాడు మేనల్లుడు వెనకనుంచి, చిన్న గొంతుతో. వాడూ ఆ చేతులు చూశాడు. "సంతకం పెట్టేస్తాను. వదిలెయ్. ఆయన్ని వదిలెయ్."

"నోర్ముయ్," అన్నాడు మేస్త్రీ.

అధికారిణి ఫైలు మూయబోయి ఆగింది. ఎన్నో ఏళ్ళుగా మనుషుల్ని చూస్తున్న మనిషి. బైండింగాయన వంక, అట్టల కట్టల వంక మార్చి మార్చి చూసింది.

"మేస్త్రీ గారూ. టేపు పట్టినప్పుడు మీ చెయ్యి ఆ అట్టల వెనక్కి వెళ్ళింది. అక్కడేమైనా ఉందా?"

ఆయన ముందు రెండు ముఖాలున్నాయి. ఒకటి అక్క కొడుకుది. రెండోది బైండింగాయనది. ఆయన తల అడ్డంగా కూడా ఊపడం లేదు. కళ్ళతో మాత్రం వద్దంటున్నాడు.

లేదంటే మేనల్లుడు జైలుకి పోతాడు. ఉందంటే ఏమవుతుందో ఆయనకి పూర్తిగా తెలీదు. కానీ నిజం చెప్తే మంచే జరుగుతుందని చిన్నప్పుడెప్పుడో బళ్ళో చెప్పారు. ఆ మాట ఆయన నమ్మాడు. ఆ వయసు మనిషి ఇంకా నమ్మాడు.

"ఉందమ్మా," అన్నాడు.

ఎవరూ కదలాల్సిన పని లేకపోయింది. బైండింగాయనే వెనక్కి తిరిగాడు. అట్టల కట్ట ఒకటి ఎత్తి పక్కన పెట్టాడు. అంచులు సమంగా సర్దాడు. ఇంకొకటి ఎత్తాడు. దాని అంచులూ సర్దాడు. కొంపలంటుకున్నా చేతికి అలవాటైన పని చేతిని వదలదు. ఏడు కట్టలు తీశాక గోడ బయటపడింది. పైన తెల్లసున్నం. తొడ ఎత్తున గీత గీసినట్టు సున్నం ఆగిపోయింది. దాని కింద నల్లటి రాళ్ళు, విరిగిన పళ్ళలా, గోడలోంచి బయటికి పొడుచుకుని ఉన్నాయి.

"ఉండేదండీ," అన్నాడు. "నేనే పగలగొట్టాను. తొమ్మిదో రోజు మొదలెట్టాను. రెండు రోజులు పట్టింది. సందులోవాళ్ళు సాయం వస్తామన్నారు, వద్దన్నాను."

ఆయన ఆ రాళ్ళ మీద చెయ్యి పెట్టాడు.

"బండి కిటికీలోంచి నలభై నిమిషాలు దాన్నే చూశానండీ. ఇంత దూరంలో ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. ఆవిడ కూడా దాన్నే చూస్తోంది. పొద్దున్నే ఇద్దరం కూర్చుని టీ తాగిన అరుగే. ఎవరిదో అరుగు అడ్డమొచ్చిందంటే ఇంకోలా ఉండేది. నాదండీ. నా వెలుతురు కోసం మా నాన్న కట్టించింది." ఆయన గొంతు ఇప్పుడు పొడిగా లేదు. "రాసుకోండి. అరుగుంది. దానికే పట్టింది. ఈ అబ్బాయి ఏం చెయ్యలేదు. ఆ రోజు కిటికీ పగలగొట్టుకుని వెళ్ళి ఉత్త చేతులతో ఆ రాళ్ళు పీకాడు. గోళ్ళు ఊడిపోయాయి, చూడండి కావాలంటే. మా ఆవిణ్ణి చంపింది నా అరుగు."

మేనల్లుడు చేతులు జేబుల్లోకి దోపుకున్నాడు.

మేస్త్రీ ముందుకొచ్చాడు. "కాదమ్మా. అరుగు తప్పు కాదు. అరుగుందని నేను రాయకపోవడం తప్పు. అది రాస్తే ఈ సందు తెరిచేవాళ్ళే కాదు."

అప్పటిదాకా నేల చూస్తున్న పచ్చగీత తలెత్తాడు. ఆయన మొహంలో ఏదో వెలిగింది. పాపం, ఆయనకి కూడా పన్నెండు రోజులుగా నిద్ర లేదు. మునిగిపోయేవాడికి గడ్డిపోచ దొరికితే, అది ఎవరి గడ్డి అని అడగడు.

"ఒక్క నిమిషం అమ్మా," అన్నాడు. "మేస్త్రీ గారు తప్పు రాయలేదు. వీధంటే గోడ నుంచి గోడకే. చట్టం కూడా అదే చెప్తుంది. అరుగు వీధిలోకి పొడుచుకొచ్చిన కట్టడం. ఆక్రమణ. ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే సరైన పని."

"సార్!" అన్నాడు మేస్త్రీ.

"అరుగు ఇంటిది, గోడ వీధిది అని మీ మేస్త్రీలంతా చెప్పే మాటేగా? మీ సర్వీసులో ఒక్క అంగుళం తప్పు లేదు మేస్త్రీ గారూ. ఆ మాట ఎక్కడైనా చెప్తాను."

ముప్పై ఏళ్ళలో పై అధికారి నోట మేస్త్రీ విన్న మొదటి మెచ్చుకోలు అది. చెంప మీద కొట్టినా ఇంత మంట ఉండేది కాదు.

"మిగతా సందుల్లో కూడా అరుగులున్నాయి సార్," అన్నాడు. "ముప్పై మూడు సందులు. అన్నీ అలాగే కొలిచాను. ఇప్పుడు కూడా వాటిల్లో బండ్లు తిరుగుతున్నాయి. ముందు అవి మూయించండి."

"మూయడమెందుకు? ఆక్రమణలు తీయించేస్తాం. ఈయనలాగే అందరూ తీసేసుకుంటే పోయేదేముంది?"

ఈయనలాగే. బైండింగాయన ఆ మాట విన్నాడు. ఏడో కట్ట అంచులు మళ్ళీ సర్దాడు.

అధికారిణి చాలాసేపు గోడలోని రాళ్ళ వంక చూసింది. ఆవిడకి అర్థం కాలేదని అనుకోకండి. అన్నీ అర్థమయ్యాయి. ఆవిడ ఫైల్లో ఉన్న కాగితంలో మాత్రం బాధ్యులు అని ఒకటే గడి ఉంది. అందులో ఒక పేరు పడుతుంది. పద్నాలుగేళ్ళ కిందటి పైపులూ, ముసలి మేస్త్రీ నేర్పిన పద్ధతీ, దేనికని అడగని ఒక ప్రశ్నా అందులో పట్టవు.

కలం తీసింది. డ్రైవరు పేరు మీద అడ్డంగా గీత కొట్టింది. దాని పైన ఇంటి యజమాని అని రాసింది. రాస్తున్నప్పుడు ఆవిడ చెయ్యి ఒకచోట ఆగింది. మళ్ళీ కదిలింది.

"డ్రైవర్, ఇటు రా." కాగితం ఫైలు మీద పెట్టి చాపింది. "అరుగు ఉందని, దానికే బండి పట్టిందని సాక్షిగా సంతకం పెట్టు. నీ మీద కేసు ఉండదు. ఎల్లుండి నుంచి డ్యూటీలో చేరొచ్చు."

మేనల్లుడు జేబులోంచి చెయ్యి తీశాడు. మూడు వేళ్ళకి కట్లున్నాయి. కలం అందుకున్నాడు గానీ కాగితం మీద పెట్టలేదు.

"పెట్టు బాబూ," అన్నాడు బైండింగాయన. "నిజమేగా. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది. పెట్టేసి వెళ్ళు."

ఇస్త్రీ ఆవిడ ఏడుపు ఇప్పుడు అందరికీ వినిపిస్తోంది.

మేనల్లుడు కలం పట్టుకుని మామ వైపు తిరిగాడు. వాడి కళ్ళల్లో కోపం లేదు. కోపం ఉంటే మేస్త్రీ తట్టుకునేవాడు.

"నిజం చెప్తానన్నావు, చెప్పావు," అన్నాడు. "ఇప్పుడు ఇది కూడా నువ్వే చెప్పు మామా. పెట్టనా, వద్దా?"